అమ్మ టేపుకు నేను తెచ్చిన మూడు వైర్లు

సాయంత్రం ఆరుంబావుకు కోరుట్లలో కరెంటు వచ్చింది. రోజూ వచ్చేదే. ఆ రోజు మాత్రం నేను కొత్త వైరు పట్టుకుని గోడ పక్కనే కాచుకుని ఉన్నాను. అలా మొదలైన నా పతనం మూడు వైర్ల దాకా సాగింది. వాటి ధర ముందే చెబితే మీరు నా మీద గౌరవం వదులుకుంటారు. మెల్లగా చెబుతాను.

అన్న మస్కట్‌లో కూలికి ఉండేవాడు. ఉత్తరాలు రాయడం రాదు కనుక మాటలన్నీ క్యాసెట్‌లో నింపి పంపేవాడు. ఆఖరి క్యాసెట్ వచ్చినప్పుడు నేను సిరిసిల్లలో పంతులు ఉద్యోగంలో ఉన్నాను. కొన్నాళ్లకు అన్నే వచ్చాడు, పెట్టెలో.

నేను కోరుట్లకు బదిలీ చేయించుకుని వచ్చేసరికి, అమ్మ బీడీలు చుట్టుకుంటూ రోజూ ఆ టేపు వింటూ ఉండేది. అన్న గొంతు వెనక బుర్రుమని ఒకటే మోత. అమ్మకు కొడుకు గొంతైనా శుభ్రంగా వినిపించాలని నాకు పట్టుదల పుట్టింది. చదువుకున్నవాడికి పట్టుదల పుడితే ఇంట్లోవాళ్లు జాగ్రత్తపడాలి.

మోతకు కారణం టేపురికార్డర్‌కు కరెంటిచ్చే నాసిరకం వైరేనని ఒక ఆడియో పత్రికలో చదివాను. జగిత్యాలలో సౌండ్ సామాన్లు అమ్మే షాపతను మంచి వైరు తెప్పించి పెట్టాడు. పలుపుతాడంత లావు, పాడిబర్రె అంత ధర.

"ఎంటనే ఇనకుండ్రి సార్. వైరు మగ్గాలె. కొన్నొద్దులు ఉత్త కరెంటే పారనీయుండ్రి."

ఇదే మాట అమ్మకు చెప్పాను.

"వైరు మగ్గుడేందిరా, మామిడికాయనా? టేపు పెట్టు."

"ఇప్పుడే వద్దమ్మా. ఊకె ఇంటే టేపు అరుగుతది."

"మరి అప్పటిదాంక నేనేం ఇనాలె?"

"జర ఆగమ్మా."

అమ్మ ఆగింది. కరెంటు కోతల మధ్య వైరు ఎంత మగ్గిందో, ఎంత పచ్చిగా మిగిలిందో తెలియదు. మోత మాత్రం పోలేదు. మళ్లీ జగిత్యాల బస్సెక్కాను.

"మీది పాత సిరీస్ సార్. కంపెనీ బంద్ జేసింది. ఇప్పుడు టూ వచ్చింది."

"నేను మొన్ననే కదయ్యా కొన్నది!"

"గందుకే సార్, మీరు తొందరపడ్డరు."

చూశారా, తొందరపడ్డందుకు నాకే సిగ్గేసింది. రెండో వైరు ధరకు బర్రెతోపాటు దూడ కూడా వచ్చేది. దాన్నీ మగ్గబెట్టాను. అమ్మ మళ్లీ ఆగింది. ఈలోగా త్రీ వచ్చింది. టూకు, త్రీకి తేడా ఏమిటని అడిగాను.

"పైన జాలీ తొడుగు రంగు మారింది సార్. లోపటిది మనకు గనవడది."

ఆ జవాబు విన్నాక కూడా కొన్నాను.

"స్తంభం కాడ తీగ ఊడిపోకుంట కట్టెపుల్ల గట్టిండ్రు. గా కరెంటే కదరా గీ బంగారు వైరుల వచ్చేది?" అంది అమ్మ. నీకు తెలియదులే అన్నాను.

మూడో వైరు బిగించి, టేపు చివర మాటలైపోయి మోత ఒక్కటే మిగిలే చోట చెవి ఆనించాను. మూడు వైర్లనూ అక్కడే పరీక్షించాను. క్యాసెట్ మొదటి వైపు అసలు వినలేదు. అందులో అన్న నన్ను తలుచుకుంటాడని అమ్మ చెప్పింది. ఆ పని రేపు, ఎల్లుండి అనుకుంటూ వచ్చాను.

మోత ఎక్కడిదక్కడే ఉంది. ఇక తప్పు టేపురికార్డర్‌దేనని మూత విప్పడం మొదలుపెట్టాను.

"ఏం జేస్తున్నవ్ కొడుకా?"

"గా బుర్రుమనే సప్పుడు పోగొట్టాలె."

"ఎందుకు పోగొట్టుడు? గది మీ అన్న రూముల కూలరు."

అమ్మ క్యాసెట్ తిప్పి మొదటి వైపు పెట్టింది. అన్న గొంతు వచ్చింది.

"అమ్మా, గీ సప్పుడుకు పరేషాన్ గాకు. రూముల కొత్త కూలర్ పెట్టిచ్చుకున్నం. సల్లగ పండుకుంటున్న. తమ్మునికి గూడ జెప్పు. లేకుంటే టేపు ఖరాబైందని స్క్రూలు ఇప్పుతడు."

స్క్రూలు నా చేతిలోనే ఉన్నాయి.

"ముందే చెప్పొద్దా అమ్మా?"

"వైర్లు గా సప్పుడు పోగొట్టనీకని నువ్వు జెప్పినవా? టేపు ముట్టనిచ్చినవా? గా సప్పుడు ఇనస్తే వాడు సల్లగ పండుకున్నట్టుంటది నాకు. పోగొడుదువు, సూడు!"

అమ్మ నవ్వింది. అన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు.

ఆ మూడు వైర్ల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఫోర్ వచ్చినా, ఫార్టీ వచ్చినా జగిత్యాల బస్సెక్కను, ఈ జన్మలో మరే వైరునూ మగ్గబెట్టను.

మా ఇంట్లో ఇప్పుడు అమ్మను ఎవరూ ఆగమనడం లేదు.