యాకూబ్ చాచా రేడియోలో సైకిలు

టంకం పొగ ముక్కుకు తగిలితే చాలు, నల్గొండలోని యాకూబ్ చాచా కొట్టు కళ్ళ ముందుకొస్తుంది. నగరంలో జనం కిరాయికి తీసుకునే కరెంటు సైకిళ్ళు ఎక్కడున్నాయో తెలిపే చిన్న యంత్రాలు తయారుచేయడం ఇప్పుడు నా ఉద్యోగం. ఎనభైల చివర్లో, నేను డిగ్రీ చదివేటప్పుడు, చాచా చేయబోయింది కూడా ఇదే. ఆయన సైకిళ్ళు కిరాయికిచ్చేవాడు, రేడియోలు బాగుచేసేవాడు.

ఒక మధ్యాహ్నం పానగల్ దారిలో ఎండదెబ్బకు చాచా దగ్గర కిరాయికి తీసుకున్న సైకిలు మీది నుంచి పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి చాచా నా ముఖం మీద నీళ్ళు చల్లుతున్నాడు. పక్కన ఆయన ట్రాన్సిస్టర్ గుయ్‌మంటోంది.

"సీటు కింద చిన్న డబ్బా పెట్టిన బిడ్డా. దాని చప్పుడు గీ రేడియోల ఇనొస్తది. గట్లనే దొరికినవ్."

ప్రాణం నిలిపినందుకు దండం పెట్టాలో, నాకు తెలియకుండా నా వెంట ఒక చెవిని పంపినందుకు కోప్పడాలో తోచలేదు.

"నాకు చెప్పకుంట ఎందుకు పెట్టినవ్ చాచా?"

"చెప్తే నువ్వు సైకిల్ తోలుతవా?"

వారం తర్వాత ఆయన్ను కొట్టు ముందు రేడియోతో నిలబెట్టి, అదే సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. వీధి మలుపు దాటకముందే చప్పుడు ఆగిపోయిందని ఆయన చెయ్యి ఊపాడు. పానగల్ దారేమో ఊరవతల.

"మరి ఆ రోజు ఎట్ల ఇనొచ్చింది?"

చాచా రేడియోను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమో బిడ్డా. ఇన్ననే అనుకుంటున్న."

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆ ముఖంలో నాకంటే ఎక్కువ అయోమయం ఉంది. లోపలి నుంచి ఆయన భార్య చాయ్ తెస్తూ అంది: "పానగల్ పోయి గంటల వస్తనని చెప్పి పోతివి. రాకపోతివి. ఈయన తినకుంటనే లేచి ఉరికిండు. రేడియో యాదికొచ్చి మల్లొచ్చి తీస్కపోయిండు."

చాచా సీటు కింది డబ్బా ఊడదీశాడు. "నువ్వు సదువుకుంటున్నవ్ గద, దూరం పోతే ఎందుకు ఇనొస్తలేదో జర సూడు" అని డబ్బా నా చేతిలో పెట్టాడు. ఆ ఒక్క మాటతోనే నేను రేడియో తరంగాల చదువులోకి వచ్చాను. జవాబు దొరికి ఆయనకు చెప్పేనాటికి ఆయనకు చెవులు సరిగ్గా వినపడటం లేదు. ఏమర్థమైందో, నవ్వి తలూపాడు. ఆ రోజు ఆయన నిజంగా ఏం విన్నాడో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

నా యంత్రాలు ఎంత దూరం నుంచైనా కబురు పంపుతాయి. అయినా నావాళ్ళు ఎవరైనా చెప్పిన వేళకు రాకపోతే తెర ముందు కూర్చోలేను. చెప్పులేసుకుని వీధిలోకి నడుస్తాను. ఎటు వెళ్ళాలో అప్పటికింకా నాకు తెలియదు.