ఎడమ చెయ్యి వెనక్కి

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కరెంటు పని చేసి, పెద్దవయసులో మా నిజామాబాద్ ల్యాబ్‌కు వచ్చాడాయన. ల్యాబ్‌లో అందరం బాపూ అనే పిలిచేవాళ్లం. కంటికి కనబడనంత సన్నటి నీటి నాచుకు రెప్పపాటైనా పట్టని కరెంటు దెబ్బలు కొట్టి, కణాల పొరలకు చిల్లులు పెట్టి, లోపలి నూనె తీసేవాళ్లం. ఆ మిషన్ దగ్గర ఆయన ఎడమ చెయ్యి ఎప్పుడూ వీపు వెనకే ఉండేది.

"రెండు చేతులు పెడితే కరెంటు గుండెలకెల్లి పోతది బిడ్డా," అనేవాడు.

ఒక మధ్యాహ్నం స్విచ్ ఆపాను. మీటరు సున్నా చూపించింది. నాచు గిన్నె తీయబోయాను.

"ఆగు!"

నన్ను పక్కకు నెట్టి, మిగిలిన కరెంటును నేలలోకి దింపే ఎర్తు కడ్డీని మిషన్‌కు ఆనించాడు. గది దద్దరిల్లేలా చప్పుడై నిప్పు లేచింది. ఇద్దరికీ ఏమీ తగల్లేదు. చూస్తే మీటరు తీగ ముందే ఊడి ఉంది, అందుకే సున్నా చూపించింది. స్విచ్ ఆపినా కరెంటు అప్పటిదాకా లోపలే నిలిచి ఉంది.

"రేపు చేస్త బాపూ," అన్నాను, తలుపు వైపు నడుస్తూ.

"రేపటికి భయం పెరుగుతది, నువ్వీ గడప తొక్కవు. గిప్పుడే చెయ్యి. నేనుంట."

తీగ బిగించి, పని ముగిసేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత గాజు గొట్టంలో నూనె పొర తేలితే చూపిద్దామని ఆయన కోసం వెతికాను. బయట నల్లా కింద తల పెట్టి కూర్చున్నాడు.

"నూనె వచ్చింది బాపూ."

"నూనెదేముంది, నువ్వున్నవు గద బిడ్డా," అన్నాడు. గోడ పట్టుకున్నా లేవలేకపోయాడు.