అమావాస్య నాడు చూసిన షెడ్లు

ఏళ్ల తరబడి నేను మోస్తున్న బరువు ఒక్క మాటే: ‘మూతపడినవి’. నా చేత్తో నేనే రాశాను. నా భార్యకు కూడా తెలియదు. మీకే చెబుతున్నాను.

వికారాబాద్‌లో సర్కారు నౌకరీ నాది. జిల్లాను నిలబెట్టగల పరిశ్రమలేవో గుర్తించి జాబితా పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జాబితాకెక్కితే కరెంటు రాయితీ, కొత్త యంత్రాలు. ఎక్కకపోతే వాళ్ల తిప్పలు వాళ్లవి. తాండూరులో నాపరాయి పాలిషింగ్ షెడ్లు చూసి రావడం నా వంతు.

వెళ్లేసరికి వరసంతా తాళాలు. ఆ రోజు అమావాస్య. అమావాస్యకు వాళ్లు యంత్రం తిప్పరని నాకు తెలియదా? తెలుసు. నేనూ ఆ పక్క ఊరివాణ్ణే. ఒక్క షెడ్డులో మాత్రం లక్ష్మమ్మ అనే ఆవిడ యంత్రానికి కొబ్బరికాయ కొడుతోంది. పెద్దేముల్లో ఉన్న మెట్ట చెలక అమ్మి, భర్తతో కలిసి పెట్టుకున్న షెడ్డట. నా చేతిలో ఒక కొబ్బరి ముక్క పెట్టింది.

“ఇయ్యాల బందు సార్. రేపొచ్చి చూడుండ్రి, ఒక్క మిషన్ ఆగదు. మా గురించి జర మంచిగ రాయుండ్రి.”

“రేపు తప్పకుండ వస్తనమ్మా” అన్నాను.

వెళ్లలేదు. ఎందుకు? లంచం తినలేదు, పగ లేదు. బద్ధకం, అంతే. మళ్లీ రైలెక్కి, ఆ రాతి దుమ్ములో ప్రతి షెడ్డూ తిరగడం కన్నా, నివేదికలో ఆ షెడ్లన్నీ ‘మూతపడినవి’ అని రాసేసి, కళ్లతో చూసిందే రాశాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకోవడం తేలికైంది. ఆ కొబ్బరి ముక్క నములుతూనే ఇంటికొచ్చాను.

జాబితాలో నాపరాయి లేదు. పాత యంత్రాలతో నెగ్గుకురాలేక కొన్నాళ్లకు లక్ష్మమ్మ షెడ్డు నిజంగానే మూతపడింది. నేను రాసిన అబద్ధం అలా నిజమైంది.

మొన్న వికారాబాద్ స్టేషన్‌లో కనిపించింది. హైదరాబాద్‌లో ఎవరింట్లోనో బండలు తుడిచే పనికి పోతోందట. నన్ను చూసి లేచి నిలబడింది.

“మీరు మంచిగనే రాసిండ్రు సార్. పైనోళ్లే ఇయ్యలే” అంది.

నేను తల ఊపాను. అవును, ఊపాను. అప్పుడైనా నోరు పెగలొద్దా? ఆమె రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీదే కూలబడి ఏడ్చాను. నా ఏడుపుతో ఆమెకేం ఒరిగింది?

ఇంత రాశాక కాస్త ఊపిరాడుతోంది. ఆడకూడదేమో. ఈ మాట చెప్పాల్సింది మీకు కాదు, ఆమెకు. పైవాళ్లు కాదు లక్ష్మమ్మా. నేను.