దవాఖానలో అడిగిన పేరు

నన్ను కొట్టిన నర్సును నేను ఈనాటికీ క్షమించలేదు. ఎనభైల చివర, మొదటి కాన్పుకు సర్కారు దవాఖానకు పోయినప్పటి మాట. నొప్పులకు అరిస్తే తొడ మీద ఫెళ్లున చరిచింది.

"గప్పుడు తియ్యగుండెనా? గిప్పుడెందుకు ఒర్రుతున్నవే?"

వరండాలో కూర్చున్న మా మామకు కూడా వినపడింది. అక్కడ నాకు పేరు లేదు, 'ఏయ్, మూడో మంచం' అంతే. కొడుకు పుట్టాక నెత్తురు ఆగక, చావు తప్పి ఇల్లు చేరాను.

రెండోసారి నెల తప్పగానే, కంటే ఇంట్లోనే కంటానని మొండికేశాను. మా అత్త ఒప్పుకోలేదు.

"మల్ల నెత్తురు పోతే ఎవలాపుతరు? నీ పౌరుషం ఆపుతదా?"

మా పక్కింటి ఖాలా ఆ దవాఖానలోనే ఆయా. ఒకరోజు నవ్వుకుంటూ వచ్చింది. మనుషుల మనసుల గురించి చదివిన మేడం ఒకామె పట్నం నుంచి దిగిందట. నర్సుల తీరు మార్చడానికి వాళ్లకు పాఠాలు చెప్పిందట.

"నిన్ను కొట్టినామెను కాన్పు బల్ల మీద పండబెట్టి, ఆమె తిట్లతోనే తోటి నర్సులతోని ఆమెను తిట్టిచ్చింది బిడ్డా. ఏడ్సింది!"

నా సంతోషం దాచుకోలేదు. ఆ పూట ఒక రొట్టె ఎక్కువే తిన్నాను.

"గోడకు కాయితం గూడ అంటిచ్చిన్రు. ఎవలొచ్చినా ముందుగాల నవ్వి పేరడగాలె. పేరు తెలిసిన మనిషి మీద చెయ్యి లేవదంట. ఫికర్ చెయ్యకు, జర మారింది."

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు ఖాలా," అన్నాను. అయినా నెత్తురు భయం నన్ను బస్సెక్కించింది.

అదే నర్సు. నన్ను గుర్తుపట్టలేదు. గోడ వైపు ఒకసారి చూసి, "నీ పేరేంది బిడ్డా?" అంది. సిగ్గు లేకుండా నా మనసు కరిగింది. నా పేరు చెప్పాను.

నొప్పులు ముదిరి అరిచాను. చెయ్యి లేచింది. గోడ మీది కాగితం కనపడిందేమో, దించింది. తర్వాత వంగి, నా పేరు స్పష్టంగా పలికి, మళ్లీ అదే మాట అంది. మొదటిసారి ఆ తిట్టు ఆ గదిలోకి వచ్చిన ఆడవాళ్లందరిదీ. ఈసారి నా ఒక్కదానిది. పట్నం మేడం చెయ్యికి బుద్ధి చెప్పి, నోటికి నా పేరు అప్పగించి పోయింది.

మళ్లీ నెత్తురు ఆగకపోతే ఆపింది కూడా ఆ నర్సే. సూది వేసింది, చాలాసేపు పొట్ట నొక్కి పట్టుకుంది. అది కాదనను. కానీ ఆ చేతికి దండం పెడదామంటే ఆ నోరు అడ్డమొచ్చింది.

ఇంటికి బయల్దేరే రోజు బిడ్డ బుగ్గ మీద వేలుతో తట్టి, కాగితంలో ఉన్నట్టే నవ్వింది.

"ఆడివిల్ల ముద్దుగున్నది. ఏం పేరు?"

కడుపులో ఉన్నప్పుడే అనుకున్న పేరు నాకు నాలుక మీదే ఉంది. నా పక్కనే ఉన్న ఖాలాకూ తెలుసు, చెప్పబోయింది. నేను ఆమె కొంగు పట్టి గుంజాను.

"ఇంక పెట్టలే," అన్నాను.