బావ ఊదారంగు పాదాలు

ఈస్టర్‌కు ముందరి పవిత్ర గురువారం, తిరువళ్లూరు చర్చి. ఉన్నవారు: ఫాదర్, యేసు శిష్యుల్లా ఫాదర్ చేత పాదాలు కడిగించుకునే పన్నెండు మంది, వారిలో నూలుకు రంగులద్దే మా బావ, వెనక బెంచీలో అక్క, నేను.

శుక్రవారం సిలువకు కప్పే ఊదా గుడ్డ వెలిసిపోతే, గురువారం ఉదయమే బావ దాన్ని తొట్లో తొక్కి మళ్లీ రంగు వేశాడు. పాదాలకు అంటిన రంగు ఎంత రుద్దినా పోలేదు. అందరి ముందూ పరువు పోతుందని ఆయన భయం.

"నీ రంగు చీరల మీద నిలవదు గానీ, కాళ్ల మీద బాగా నిలిచినాదే!" అంది అక్క, చర్చి గుమ్మంలో.

ఫాదర్ అది మురికనుకుని, సబ్బు తెప్పించి మరీ రుద్దారు. పళ్లెంలో నీళ్లు ఊదాగా మారాయి.

"మురికి గాదు సామీ, రంగు! వదిలేయండి," అన్నాడు బావ. మిగతా పదకొండు మంది తలలు వంచుకుని నవ్వారు.

మరుసటి ఉదయం సిలువ మార్గం ప్రార్థనకు ఫాదర్ చేతులు చాచారు. రెండు అరచేతులూ ఊదాగానే ఉన్నాయి.

బావ మోచేత్తో నన్ను పొడిచాడు. "చూసినావా బామ్మర్దీ? మీ అక్కకు చెప్పు, నా రంగు నిలిచినాదని!"