మ్యూజియం గుమ్మంలో మూడో రంజన్

బడంగ్‌పేట్‌లో మా కాలనీ చివర ఒక ఖాళీ ప్లాటు ఉంది. చుట్టుపక్కల చెత్తంతా అక్కడికే చేరుతుంది. రోజూ పొద్దున్నే ఎవరో పుణ్యాత్ములు దానికి నిప్పు పెడతారు. కవర్లు కాలిన కంపు నా టీ గ్లాసు దాకా వస్తుంది. ఏడేళ్లుగా కిటికీ మూసుకునే టీ తాగుతున్నాను. పోయిన నెల ఆఫీసులో ఒకామె ఇబ్రహీంపట్నం దగ్గర ఓ చిన్న చరిత్ర మ్యూజియం ఉందని చెప్పింది. రిటైరైన సోషల్ మాస్టారు జంగారెడ్డి గారు తన ఇంటి ముందు గదులు రెండింటిలో చుట్టుపక్కల ఊళ్ల పాత సామాన్లు పోగుచేసి పెట్టారట. లోపలికి ప్లాస్టిక్ సీసా రానివ్వరట. ఫోన్ చేస్తే, "శనివారం రాండ్రి. గుమ్మంల కొత్త రంజన్ పెడుతున్న, అండ్లనే నీళ్లు తాగుండ్రి" అన్నారు. రంజన్ అంటే మా వైపు మంచినీళ్ల కుండ. ఒక్క పూటైనా ఆ కంపు లేని చోట గడుపుదామని బయలుదేరాను.

ఏడున్నరకు షేర్ ఆటోలో సాగర్ రోడ్డుకు చేరి, మన్నెగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు, కానీ ఆ రోజు బస్సు రావడానికి ముప్పావుగంట పట్టింది. ఎండకు నాలుక పిడచకట్టుకుపోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఇరవై రూపాయలు పెట్టి లీటరు సీసా కొన్నాను. రెండు గుక్కలు తాగి, మిగిలినదాన్ని చున్నీలో చుట్టి బ్యాగు అడుగున దాచేశాను.

తొమ్మిదిన్నరకు ఇబ్రహీంపట్నంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. మధ్యాహ్నం దాకా తిప్పడానికి మూడు వందలు. మ్యూజియం పేరు చెప్పగానే డ్రైవర్ యాదగిరి వెనక్కి తిరిగాడు. "సార్ ఇంట్ల లేడక్కా. కుమ్మరి ఎంకటయ్య కాడున్నడు. ఇయ్యాల ఆవం ఇప్పుతుండ్రు. కుండ తేనీకి నన్ను గూడ రమ్మన్నడు. నడువు, అటే పోదాం."

మేం వెళ్లేసరికి కుండలు కాల్చే ఆవం మీది బూడిద తీస్తున్నారు. డెబ్బై దాటిన వెంకటయ్య, పక్కన మోకాళ్ల దాకా ప్యాంటు మడిచిన మాస్టారు. ఇది మూడో రంజన్ అని, మొదటి రెండూ కారిపోయాయని మాస్టారే చెప్పారు. కారణం అడిగితే వెంకటయ్య నన్ను కుండలు చేసే సారె దగ్గరికి తీసుకెళ్లి ఒక కుప్ప చూపించాడు. చెరువు మట్టిలోంచి ఏరినవట. షాంపూ ప్యాకెట్లు, పాల కవర్ల ముక్కలు, మా నలుగురిలో ఎవరికీ రాని లిపిలో అచ్చేసిన కవరు ముక్క ఒకటి.

"పెద్దవి దొరుకుతయమ్మా, ఏరుత. గీ ప్లాస్టిక్ బస్తా దారాలు దొర్కయి, ఎంటికె కన్నా సన్నముంటయ్" అన్నాడు. "మట్టిల ఉన్నంతసేపు ఏం గాదు. నిప్పుల పడ్డంక దారం కాలిపోతది, దాని తొవ్వ మిగుల్తది. గా తొవ్వల కెల్లి నీళ్లు పోతయ్."

"ఇది గూడ కారితే ఏం జేస్తవ్ బాపు?" అని అడిగాడు యాదగిరి.

"సారె ఇప్పేస్త. కారే కుండలు చేసుకుంట కూసుంటనా?"

ఆ తెలియని లిపి ముక్క ఏ దేశంలో ఎవరు చింపి పారేసినదో! మనుషులే ఉండని దీవుల ఒడ్డున ఇలాంటివే గుట్టలుగా పడి ఉన్న వీడియోలు చూసి, అబ్బా అనుకుని, ఫోన్ పక్కన పెట్టి అన్నం తిన్నదాన్నే నేను. ఇక్కడ అదే చెత్త నా కళ్ల ముందే ఒక ముసలాయన చేతి పని చెడగొడుతోంది.

రంజన్ మాత్రం ఎర్రగా, నిండుగా బయటికొచ్చింది. వేలితో కొడితే ఖంగుమంది. వెంకటయ్య మొహం విప్పారింది. దారి పొడవునా దాన్ని ఒళ్లో పెట్టుకునే ఆటోలో కూర్చున్నాడు. యాదగిరి ప్రతి గుంత దగ్గరా బండిని నడకకు తెచ్చాడు.

మ్యూజియం గదుల్లో బావి నీళ్లు తోడే మోట బొక్కెన, గింజలు కొలిచే మానికలు, సోలలు, చెరువు పూడిక తీసినప్పుడు దొరికిన కుండపెంకులు ఉన్నాయి. అంచు విరిగిన పాత రంజన్ కూడా ఉంది. దాని వయసెంతో తెలియదుగానీ, నీళ్లు పోసి చూస్తే చుక్క కూడా కారలేదన్నారు మాస్టారు. గుమ్మంలో ఇసుక పోసి కొత్తదాన్ని నిలిపారు. "చేసినది: కుమ్మరి వెంకటయ్య" అని రాసిన అట్టను దాని మెడకు కట్టారు. పొద్దున నల్లా నుంచి పట్టి ఉంచిన ఇత్తడి బిందెడు నీళ్లూ అందులో పోశారు.

పది నిమిషాలు ఏమీ కాలేదు. తర్వాత పొట్ట మీద తడి కనిపించింది. కొత్త రంజన్ చెమరుస్తుందిలే అనుకున్నాం. ఇంతలో ఒక సన్నటి ధార బయటికొచ్చింది. వెంకటయ్య బొటనవేలితో నొక్కిపట్టాడు. పక్కన ఇంకొకటి. రెండో చేత్తో దాన్నీ నొక్కాడు. మూడోది అతని మోచేతి మీదుగా కారింది. అరగంటలో నీళ్లన్నీ ఇసుక తాగేసింది.

"పోనియ్ ఎంకటయ్యా" అన్నారు మాస్టారు. "లోపల అద్దాల బీరువల పెడదాం. చూసేటందుకు కారితె ఏమైతది? నీ పేరు రాసి పెడ్త."

"కారే కుండకు నా పేరొద్దు సార్." అట్ట విప్పి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

అరుగు మీద కూలబడి, జర నీళ్లియ్యమని అడిగాడు. తెల్లవారుజాము నుంచి ఆవం దగ్గరే ఉన్న మనిషి. బిందె ఖాళీ, నల్లా మళ్లీ వచ్చేది మర్నాడే. నేను బ్యాగులోంచి చున్నీ తీసి, సీసా తీశాను. మాస్టారు చూశారు. వెంకటయ్య గటగటా తాగేసి, ఖాళీ సీసాను అటూ ఇటూ తిప్పాడు.

"దీన్ని యాడ పారెయ్యాలె సార్?"

నేనే చెయ్యి చాపి తీసుకున్నాను.

రెండు గంటల బస్సుకు తిరిగొచ్చేశాను. ఇలాంటి కథనాన్ని ఏదో ఒక ఆశతో ముగించడం మర్యాద. నా దగ్గర అది లేదు. పాతవాళ్లు వదిలి వెళ్లినవాటిని అద్దాల వెనక పెట్టి చూసుకుంటున్నాం. మనం వదులుతున్నవి మట్టిలో కలిసి, ముందు ముందు ఎవరు కుండ చేసినా నిలవనివ్వవు. ఆ మ్యూజియం శనివారాలు పన్నెండు దాకా తెరిచే ఉంటుంది, తప్పక వెళ్లండి. ఇంట్లోంచే స్టీలు సీసాలో నీళ్లు నింపుకుని వెళ్లండి, అక్కడ దొరకవు. నా ప్లాస్టిక్ సీసా ఇంకా మా వంటింటి గట్టు మీదే ఉంది. రోజూ చెత్త బండి వస్తుంది, పోతుంది, నేను దాన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ అక్కడే పెట్టేస్తున్నాను.