చేజేతులా

బైండింగ్ అక్క షాపులో అట్టలు కోసే మిషన్ దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు. పనివాళ్ళు ఎందరో వచ్చారు, పోయారు. ఆ మిషన్ పిడి మీద మాత్రం ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. "అక్క కాపురం దాంతోనే" అని వాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. చెవిన పడినా ఆమె విననట్టే ఊరుకునేది.

షాపు తండ్రిది. ఆమెకు పదేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం ఆయన కాగితాలు తేవడానికి పక్కవీధి ప్రెస్సుకు వెళుతూ, తమ్ముణ్ణి చూసుకోమని ఆమెకు చెప్పాడు. వాడికప్పుడు నాలుగేళ్ళు. ఏమీ తోచక ఆమె అట్టముక్కలు కోయడం మొదలెట్టింది. వాడు స్టూలెక్కి ఒక్కో ముక్కా అందించాడు. పిడి దించినప్పుడల్లా కరక్కుమని చప్పుడయ్యేది, వాడు కిలకిలా నవ్వేవాడు. ఇంకా నవ్వించాలని ఆమె ఇంకా జోరుగా దించింది. ఒకసారి అట్టతోపాటు వాడి వేళ్ళు కూడా బ్లేడు కిందే ఉండిపోయాయి.

కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి.

ఆసుపత్రి వరండాలో తండ్రి ఆమె భుజాలు పట్టి కుదిపేశాడు. "ఎలా జరిగిందే? నువ్వేం చేస్తున్నావు?"

"నేను చూళ్ళేదు నాన్నా. వాడే... వాడే పిడి లాగాడు."

నాలుగేళ్ళవాడి బలానికి ఆ పిడి కదలదని ఆయనకు తట్టలేదు. కట్టు విప్పిన రోజునే, మిషన్ ముట్టుకున్నందుకు వాడి వీపు మీద రెండు వడ్డించాడు. ఆమె తలుపు చాటున నిలబడి చూసింది. నోరు తెరిస్తే ఆ దెబ్బలు తనకు పడతాయి. తెరవలేదు.

ఇక ఆ ఇంట్లో అదే మాట స్థిరపడిపోయింది. వాడి చేతిలోంచి గ్లాసు జారినా, పరీక్ష తప్పినా, "చేజేతులా చెయ్యి పోగొట్టుకున్నవాడు, వీడి దగ్గర ఇంకేం ఆశిస్తాం?" అనేవాడు తండ్రి, చుట్టాల ముందు కూడా. తమ్ముడికి ఆ రోజు గుర్తులేదు. పెద్దవాళ్ళు చెప్పిందే వాడి జ్ఞాపకమైంది.

అక్క వాడికి సకలం తానే చేసింది. గుండీలు పెట్టేది, అన్నం కలిపి ముద్దలు పెట్టేది, హోంవర్కు రాసిచ్చేది. వాడు ఎడమచేత్తో అక్షరాలు దిద్దబోతే పెన్సిలు లాక్కునేది. "నీకెందుకురా శ్రమ, నేను లేనూ?" వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టింది. ఇరుగుపొరుగు ఆమెను త్యాగమూర్తి అన్నారు. ఆ మాట విన్న పూట ఆమెకు ముద్ద దిగేది కాదు.

తండ్రి పోయాక షాపు ఆమె నడిపింది. తమ్ముడి ఉద్యోగమల్లా గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళను పలకరించడం, టీలు చెప్పడం.

ముప్పై దాటాక వాడికి పెళ్ళయింది. మరదలు టైలరు. వచ్చిన కొత్తలోనే, వదిన తన మొగుడికి గుండీలు పెట్టడం చూసి నోరెళ్ళబెట్టింది.

"వదినా, ఆయనకి ఇంకో చెయ్యి నిక్షేపంలా ఉంది కదా. పెట్టుకోనివ్వండి."

"నిన్నగాక మొన్న వచ్చావు. వాడి బాధ నీకేం తెలుసు?"

మరదలు వాదన పెట్టుకోలేదు. రోజూ పొద్దున్నే చొక్కా మొగుడి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయేది. మొదట్లో ఒక్కో గుండీకి అతనికి ముచ్చెమటలు పట్టేవి. కొన్నాళ్ళకు పట్టలేదు. తర్వాత ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నాడు. ఒకరోజు అక్క బయటి పని మీద వెళ్ళి తిరిగొచ్చేసరికి, మిషన్ పిడి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన తిన్నగా కోసిన అట్టల దొంతర.

"తియ్యరా చెయ్యి!" ఆ కేకకు పనివాళ్ళు ఉలిక్కిపడి లేచారు.

అతను నవ్వాడు. "ఎందుకక్కా అంత భయం? ఒకసారి చేజేతులా పోగొట్టుకున్నాగా, బుద్ధొచ్చిందిలే."

ఆ నవ్వు ఆమె తట్టుకోలేకపోయింది.

"నువ్వు పోగొట్టుకోలేదురా. పిడి దించింది నేను. నాన్నకి అబద్ధం చెప్పాను."

తిడతాడనుకుంది. చెయ్యెత్తినా బాగుండుననుకుంది. అతను పిడి వదిలి ఆమె వైపు తిరిగాడు.

"వేళ్ళదేముంది, అప్పుడు చిన్నపిల్లవి," అన్నాడు. "నాన్న పోయే ముందు కూడా నన్ను చేతకాని వెధవ అన్నాడు. నువ్వు ఆ మంచం పక్కనే ఉన్నావు."

"చెబుదామనే అనుకున్నానురా..."

"చెప్పలేదు. నాకు అన్నం కలిపి పెట్టావు. నేను చేతకానివాడిగా ఉంటేనే నీకు నిద్రపట్టేది."



ఆ నెలాఖరుకే మొగుడూ పెళ్ళాలు వేరే వీధిలో గది చూసుకున్నారు. అతను ఇంకో బైండింగ్ షాపులో, కోతపనికే చేరాడు. నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని ఇన్నేళ్ళూ ఆమె ఆశపడింది. అదీ జరగలేదు.

అప్పుడప్పుడూ అతను చూడటానికి వస్తాడు. గొడవేం పడడు. కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ తాగుతాడు.

"బాగున్నారా అక్కా? మరీ చిక్కిపోయారు. మీరు వేళకి తింటున్నారా?"

పుట్టి బుద్ధెరిగాక వాళ్ళిద్దరి మధ్యా లేని 'మీరు' అది. "ఆ, తింటున్నానురా" అంటూ ఆమె లేచి, పనివాళ్ళ మీద ఏదో వంకతో కేకలేస్తూ లోపలికి వెళ్ళిపోతుంది.